వెల్మా కురిపించిన వాన

టప్. టంగ్. టప్ టప్.

వాన పడితే మునాలా ఊరి హాల్లో ముందు బకెట్లు మాట్లాడేవి. ఇనప బకెట్‌ది ఒక గొంతు, ప్లాస్టిక్‌ది ఒక గొంతు, పాత పాలక్యానుది లోతైన గొంతు. ఆ వెనకే తడి నేల మీద తుడుపుగుడ్డ చప్పుడు. దాని వెనక వెల్మా.

వెల్మా ట్రెగియర్ గొర్రెల ఉన్ని కత్తిరించేవాళ్లకు వండిపెడుతూ సగం జీవితం గడిపింది. భర్త పోయాక ప్రతి గురువారం ఈ హాల్లో ఊరి ఒంటరివాళ్లకు భోజనం పెట్టడం మొదలుపెట్టింది. ఎవరి పెరట్లో కాసినవి వాళ్లు తెచ్చేవారు. మేం కొందరం వడ్డించేవాళ్లం. ఆ శీతాకాలం పైకప్పు రేకులు మరీ తుప్పుపట్టాయి. కప్పు బాగుపడకపోతే హాలు మూసేస్తామంది కౌన్సిల్. చిన్న సంఘాలకు ఏటా ఇచ్చే గ్రాంటు ఒక్కటే దారి. అడిగాం. చూడటానికి మనిషిని పంపుతామన్నారు.

మనిషి వస్తున్నారంటే మా ఊరు ఊరుకుంటుందా? అందరం చేరి గోడలకు రంగేశాం, చెక్కనేలకు మైనం రుద్దాం. పైకప్పు మరకల మీద తెల్లరంగు పూశాం. బకెట్లను వెల్మాయే స్టేజీ వెనక దాచింది.

కౌన్సిల్ నుంచి కిర్రిలీ వచ్చిన రోజు ఆకాశం ఉతికి ఆరేసినట్టుంది. ఆమె వెల్మా కాల్చిన స్కోన్ రొట్టెను జామ్‌తో తింటూ చుట్టూ చూసింది.

"ఎంత ముచ్చటగా ఉంచుకున్నారండీ! నిజం చెప్పాలంటే, మీకన్నా అవసరమున్న ఊళ్లు..."

వెల్మా చేతిలోని టీకప్పు బల్ల మీద పెట్టింది. ఆమె మెల్లగా డెస్ వైపు తిరిగింది. అతను మా స్వచ్ఛంద అగ్నిమాపక దళం పెద్ద.

"డెస్, నీ బండిలో నీళ్లున్నాయా?"

"ఉన్నాయి. ఎవరి కొంప అంటుకుంది?"

"అంటుకోలేదు, మునగబోతోంది. వెళ్లి ఈ పైకప్పు మీద కొట్టు."

"మొన్ననేగా రంగేశాను! నా నడుం ఇంకా లేవట్లేదు తల్లీ!"

"నా స్కోన్లు మింగేటప్పుడు బాగానే వంగిందిగా. పద."

ఎండ కాస్తూనే ఉంది. లోకమంతటిలో మా హాలు మీద మాత్రమే వాన కురిసింది. తెల్లరంగు తేనీటి రంగుకు తిరిగి, చుక్కయి, వేలాడి, రాలింది. ఒకటి కిర్రిలీ జుట్టులో, మరొకటి ఆమె టీకప్పులో. ముందు నవ్వింది ఆమే.

"బకెట్లు లేవా మీకు?"

వెల్మా స్టేజీ వెనక నుంచి ఒక్కొక్కటే మోసుకొచ్చింది.

"ఇవి ముందే చూపించొచ్చుగా వెల్మా గారూ?"

"ఇంటికొచ్చిన మనిషికి బకెట్లు చూపిస్తారటమ్మా!"

వసంతంలో గ్రాంటు వచ్చింది. రేకులు ఆ డబ్బువి, బిగించిన చేతులు మావి. ఇప్పుడు వాన పడితే హాలుకు ఒకటే గొంతు, బయటి గొంతు. దాని కింద జనం చారు జుర్రుకుంటూ కబుర్లాడుకుంటారు. గోడవారన వెల్మా నిలబడి, ఎవరి పళ్లెం ఖాళీ అయిందో చూస్తుంటుంది.

మొన్న గురువారం గిన్నెలు కడగడం అయ్యాక, పాత పొయ్యి వెనక గోడకు పట్టిన మసి చూడలేక గుడ్డ తీసుకున్నాను. వెల్మా వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"అది తుడవకే. వంటగది గ్రాంటుకని చూడటానికి వచ్చే నెల వస్తున్నారు."