ఆపరేషన్‌కు ముందు రెండు ముద్దలు

సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం పోయాక ఇక్కడే బ్రిటన్‌లో, కార్డిఫ్ ఊళ్లో నర్సింగ్ కోర్సులో చేరాను. వేరే చదువులు చదివినవాళ్లకు రెండేళ్లలో పూర్తయ్యే కోర్సు అది. సగం కాలం క్లాసులో, సగం వార్డులో. నిలబడి తినడం, బస్సులో చదవడం అలవాటైంది. ఈ సంగతి నా భార్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారాలు కలిసే తెలుగువాళ్లకు, అత్తగారింట్లోవాళ్లకు, హాస్పిటల్ డేటా మీద మాస్టర్స్ చేస్తున్నానని చెప్పాను. ఇంజినీరు బెడ్‌పాన్లు ఎత్తుతున్నాడని వాళ్లు నవ్వుకుంటారేమోనని నా భయం.

అందుకే ఎముకల వార్డులో ఒక తెలుగు పెద్దావిడ చేరినప్పుడు నా గుట్టు బయటపడుతుందని భయపడ్డాను. కూతుర్ని చూడటానికి వచ్చి, బాత్‌రూమ్‌లో జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంగ్లిష్ రాదు. నేను ఎక్కడివాడినని కూతురు ఇంగ్లిష్‌లో అడిగితే బెంగళూరన్నాను. అక్కడ కొన్నాళ్లు పనిచేసిన మాట నిజమే.

కూతురు లేనప్పుడు పెద్దావిడ చేతులూపుతూ నీళ్లడిగేది, దిండు సర్దమనేది. నర్సులు అర్థంకాక తికమకపడుతుంటే నేను పక్క మంచం దుప్పటి మడతపెడుతూ ఉండేవాణ్ణి. ఫోన్‌లో అనువాదం చేసే మనిషి దొరికేదాకా ఆమె దాహంతో ఆగేది.

ఆపరేషన్ రోజు పొద్దున నేను డ్యూటీకి వెళ్లేసరికి ఆమె బల్ల మీద, కూతురు ఇంటినుంచి అన్నం తెచ్చిన స్టీలు డబ్బా ఖాళీగా ఉంది. ముందు సాయంత్రం ఆమె సగం తిని మూత పెట్టడం చూశాను. నర్సు నోటి దగ్గర చెయ్యి పెట్టి, ఏమైనా తిన్నావా అన్నట్టు సైగ చేసింది. పెద్దావిడ నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. హాస్పిటల్ భోజనం ఒక్కపూట కూడా ముట్టని మనిషి కాబట్టి నర్సు నమ్మింది. ఆ డబ్బా నర్సు కంట పడలేదు.

నా కంట పడింది. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చని చదివి, ఆ పాఠంలో మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. తెలుగులో ఒక్క ప్రశ్న అడిగితే చాలు. రాత్రే తినేసిందేమోలే అనుకున్నాను. కూతురొచ్చి చూసుకుంటుందిలే అనుకున్నాను. కూతురు రాకముందే ట్రాలీ వచ్చింది. దాని వెంట నన్నే పంపారు. కారిడార్ పొడవునా నోరు తెరవబోయి మూసుకుంటూ నడిచాను.

ఆపరేషన్ గది లోపల మత్తు డాక్టరు సూది అందుకున్నాడు. అప్పుడు అడిగాను.

"అమ్మా, పొద్దున ఏమైనా తిన్నారా?"

ఆమె ముఖం వెలిగిపోయింది. "తెలుగువాడివా నాయనా! ఇన్నాళ్లూ ఎక్కడున్నావు?"

"తిన్నారా అమ్మా?"

"బీపీ మాత్ర ఇచ్చారుగా. పరగడుపున మాత్ర ఎట్టా మింగేది? రెండు ముద్దలు పెరుగన్నం తిన్నా. అదొక తిండా?"

డాక్టరుకు చెప్పాను. ఆయన సూది పక్కన పెట్టి, ఆపరేషన్ రేపటికి వాయిదా వేశాడు. ఆమెను మళ్లీ వార్డుకు తెచ్చాను. మంచం మీదికి మార్చేటప్పుడు నొప్పికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అదే నొప్పితో ఇంకో రాత్రి గడపాలి.

కూతురు వచ్చేసరికి తల్లి నన్ను పొగుడుతోంది. "మన పిల్లాడేనే! ఇతను అడగబట్టి బతికాను."

కూతురు నా వైపు తిరిగింది. "మీరు బెంగళూరన్నారు కదండీ."

నేను వాళ్లమ్మ దిండు సర్దబోయాను.

"మా అమ్మ చేతులూపుతూ మంచినీళ్లడుగుతుంటే, మీరు ఇక్కడే ఉన్నారా?"

"ఉన్నానండీ."

ఆమె బల్ల మీది ఖాళీ డబ్బా చేతిలోకి తీసుకుంది. "ఇది ఖాళీ అయిందని ఎప్పుడు చూశారు?"

ట్రాలీ ఎక్కించేటప్పుడే చూశానని అబద్ధం చెప్పొచ్చు. ఆమె నమ్మేది కూడా. "పొద్దున రాగానే చూశాను," అన్నాను. వార్డు చూసే పెద్ద నర్సుకూ అదే చెప్పాను. మీ యూనివర్సిటీకి తెలియజేయక తప్పదంది. సరేనన్నాను.

మధ్యాహ్నమంతా పెద్దావిడ నన్ను వదల్లేదు. నీళ్లు, దిండు, బెడ్‌పాన్, మా ఊరేదని, మా ఆవిడ వంట బాగా చేస్తుందా అని. అన్నిటికీ వార్డంతా వినబడేలా తెలుగులోనే జవాబిచ్చాను. కూతురు కిటికీ వైపు తిరిగి కూర్చుంది.