విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక పాలసొర

విశాఖ నుంచి హైదరాబాద్‌కి విమానంలో ఎంతసేపని ఇప్పటికీ ఎవరో ఒకరు నన్ను అడుగుతుంటారు. గాలిలో సుమారు ఐదు వందల కిలోమీటర్లు, గంటా పది నిమిషాలు. అంత బాగా ఎందుకు గుర్తుందంటే, ఎనభైల్లో నా మొదటి విమాన ప్రయాణమంతా గడియారం చూసుకుంటూ, తల వంచుకునే కూర్చున్నాను.

అప్పట్లో మల్కాపురంలో అద్దెకుండేవాణ్ణి. ఉక్కు ఫ్యాక్టరీ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉద్యోగం. అర్జంటు డ్రాయింగులు హైదరాబాద్ చేర్చాలని టిక్కెట్టు వాళ్లే కొన్నారు. విమానం ఎక్కుతున్నానని వాడంతా టాంటాం వేసుకున్నది మాత్రం నేనే. పక్కింటి ఎర్రయ్య వేటకెళ్లే జాలరి. అతని కూతురు హైదరాబాద్‌లో నెలలు నిండకుండానే ప్రసవించి అక్కడే ఉండిపోయింది. పాలు పడటం లేదట. బాలింతకు పాలసొర చేప వండిపెడితే పాలు పడతాయని వాళ్లకు గట్టి నమ్మకం. "రైల్లో అయితే రేత్తిరంతా పడతాది బాబూ, సేప పాడైపోద్ది. ఇమానం గంటే అన్నారు గదా," అన్నాడు. దానికేం భాగ్యం అన్నాను. అల్లుణ్ణి బేగంపేట విమానాశ్రయానికి రమ్మని టెలిగ్రాం కూడా నేనే రాసిపెట్టాను.

పొద్దున్నే ఒడ్డుకొచ్చిన చేపను ఐసులో పెట్టి, బుట్టకు గోనెపట్టా కుట్టి ఇచ్చాడు. పదకొండు గంటల విమానానికి తొమ్మిదికే టాక్సీ ఎక్కాను. గాజువాక మీదుగా అరగంట, పాతిక రూపాయలు. దారి పొడుగునా డ్రైవరు అప్పారావుకి ఈ చేప సంగతంతా గొప్పగా చెప్పాను. తీరా దిగేసరికి ఎదురుగా సఫారీ సూట్లు, తోలు పెట్టెలు, సెంటు వాసన. నా బుట్ట అడుగు నుంచి నీచు నీళ్లు కారుతున్నాయి. దాన్ని టాక్సీ సీటు కిందే వదిలేసి చకచకా నడిచి వరుసలో నిలబడ్డాను.

అప్పారావు పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, బుట్ట మర్సిపోనారు."

అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"నాది కాదు," అన్నాను.

"మీది కాదా బాబూ?" అని నెమ్మదిగా అడిగాడు. నేను ముందుకు తిరిగి జేబులో టిక్కెట్టు వెతుక్కున్నాను. అతను బుట్ట భుజాన పెట్టుకుని వెళ్లిపోయాడు.

కిటికీ సీటే దొరికింది గానీ, సముద్రం చూసిన గుర్తు లేదు. బేగంపేటలో ఎర్రయ్య అల్లుడు తాపీ పని మధ్యలో ఆపి వచ్చి నిలబడ్డాడు, చేతుల మీద సిమెంటు ఇంకా తడిగానే ఉంది. సైకిలు హ్యాండిలుకి ఖాళీ సంచి వేలాడుతోంది. చేపను విమానం ఎక్కనివ్వలేదని అబద్ధమాడాను.

"ఆల్లేటి సేత్తారు, రూల్సు గదా," అన్నాడు. "మీరెంత బతిమాలేరో పాపం." నా పెట్టె అందుకుని ఆటో దాకా మోశాడు.

తిరుగు ప్రయాణంలో కౌంటరు దగ్గర ఊరికే అడిగి చూశాను. ఐసు పెట్టిన చేపలు సామానులో వేస్తూనే ఉంటామన్నారు. ఎర్రయ్యకూ పాత అబద్ధమే చెప్పాను. ఆ తర్వాత ఎన్నిసార్లు హైదరాబాద్ వెళ్లినా అతను నాతో ఏమీ పంపలేదు. కోపంతో కాదు, నన్ను మళ్లీ ఇబ్బంది పెట్టకూడదని. తిట్టినా బాగుండేది. మీరెవరైనా ఇక్కణ్ణుంచి చేప తీసుకెళ్లాలనుకుంటే, ఐసు వేసి నీళ్లు కారని డబ్బాలో మూత బిగించండి. కౌంటరు దగ్గర దాని మీద మీ పేరే రాయించండి.