ఎడమ ప్యూ కారుకు బీమా

ఎమ్రిస్ ప్యూ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా కుడివైపు తిరగలేదు. ఉయ్యాలలో కూడా ఎడమ పక్కకే ఒత్తిగిలేవాడట.

సరే, ఉయ్యాల సంగతి కాస్త ఎక్కువైంది. కాళ్ళ మీద నడిచేటప్పుడు అతను కూడా అందరిలాగే ఎటు కావాలంటే అటు తిరుగుతాడు. చేతిలో స్టీరింగు పడిందా, ఇక కుడి అనే దిక్కు భూమ్మీద ఉన్నట్టే ఒప్పుకోడు. ఎదురొచ్చే బళ్ళకు అడ్డంపడి కుడికి తిరగడమంటే చావుకు ఎదురెళ్ళి చెయ్యి కలపడమేనని అతని సిద్ధాంతం.

నాంట్‌వెన్ లోయలో సగం మంది ప్యూలు, మిగతా సగం జోన్సులు. అందుకే ఎవరి పేరుకైనా ఒక తోక తగిలిస్తే తప్ప పని జరగదు. పాల జోన్స్, రొట్టె జోన్స్, శవపేటికల జోన్స్. ఆ లెక్కన ఎమ్రిస్ ఎడమ ప్యూ అయ్యాడు.

చర్చి అతని వీధి చివర, కుడి పక్కన. మిగతావాళ్ళు గొంతు సవరించుకునే లోపు చేరిపోతారు. ఎమ్రిస్ మాత్రం ఎడమకు తిరిగి, మూతపడ్డ బొగ్గుగని పక్కనుంచి కొండెక్కి, పైవీధి చుట్టి, ఏటి వంతెన మీదుగా దిగి రెండో పాట సగంలో ఉండగా లోపలికొస్తాడు. తన పెళ్ళికి కూడా అలాగే వచ్చాడు. అతనితోపాటు వెనక సీట్లోంచి ముగ్గురు ముసలమ్మలు దిగారు.

"దారిలో కనబడ్డారు," అన్నాడు పెళ్ళికొడుకు.

"నడిచి రావచ్చుగా?" అంది పెళ్ళికూతురు గ్వెన్, పళ్ళు బిగించి.

"పెళ్ళికొడుకు నడిచొస్తే ఏం బాగుంటుంది?"

ఒకసారి శవపేటికల జోన్స్ పొరపాటున ఎమ్రిస్ కారును ముందు నడవమన్నాడు. శవం బండి, దాని వెనక బంధువుల బళ్ళు, అన్నీ ఎడమ ప్యూ వెంటే వెళ్ళాయి. పోయినాయన బతికుండగా చూడని వీధులన్నీ ఆ రోజు చూశాడు.

ఇన్నాళ్ళూ ఈ తిక్క ఖర్చంతా బిస్కెట్ల కంపెనీదే. ఎమ్రిస్ లోయలోని కొట్లన్నింటికీ బిస్కెట్లు అమ్మేవాడు. కారు కంపెనీది, పెట్రోలు కంపెనీది, బీమా కంపెనీది. రిటైరైన రోజున తాళాలు అప్పజెప్పి, గుర్రాన్ని అమ్ముకున్న రౌతులా బస్సెక్కి ఇంటికొచ్చాడు. అతని పెత్తండ్రి కొడుకు గెథిన్ జాలిపడి, తన పాత నీలం కారు తెచ్చి ఇంటి ముందు పెట్టాడు.

"శనివారం దాకా చూసుకో. కుదిరితే డబ్బిచ్చి ఉంచుకో, కుదరకపోతే పట్టుకుపోతా," అన్నాడు.

ఇక బీమా కోసం ఫోన్లు మొదలయ్యాయి. గ్వెన్ పక్కనే కూర్చుని వింటోంది.

"సార్, మీ నో క్లెయిమ్ బోనస్ ఎన్నేళ్ళది?" అంది అవతల ఒక అమ్మాయి, హుషారుగా.

"బండి పట్టినప్పటి నుంచీ ఉన్నదేనమ్మా. కారు మీద గీత కూడా పడలేదు. నన్ను చూసి పిల్లి కూడా పరిగెత్తదు."

"చాలా సంతోషం సార్. బీమా ఎవరి పేరున ఉండేది?"

"కంపెనీ పేరున."

"అయితే ఆ బోనస్ కంపెనీది సార్. మీది సున్నా."

"సున్నానా? నడిపింది నేను కదా తల్లీ!"

"నడిపింది మీరే సార్. కానీ మా కంప్యూటర్ దృష్టిలో మీరు ఇవాళే పుట్టారు."

గ్వెన్ పకపకా నవ్వింది. "పుట్టినరోజు శుభాకాంక్షలు ఎమ్రిస్!" ఆ అమ్మాయి ప్రీమియం ఎంతో చెప్పేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోయింది. అది గెథిన్ అడిగిన కారు ధరకన్నా ఎక్కువ.

ఇంకో చోటికి చేశారు. మరో చోటికి చేశారు. అందరూ చివరికి ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చేవారు.

"ఏడాదికి ఎన్ని మైళ్ళు తిరుగుతారు సార్?"

"ఓ పద్దెనిమిది వేలు."

"రిటైరయ్యానన్నారు కదా? ఎక్కడికి వెళ్తుంటారు?"

"కొట్టుకి."

"ఏ ఊళ్ళో కొట్టు సార్?"

"ఈ ఊళ్ళోదే. మా వీధి చివర."

ఫోను పెట్టగానే గ్వెన్ లేచింది. "చూశావా? ఆ మైళ్ళే మన కొంప ముంచుతున్నాయి. ఒక్కసారి కుడికి తిరుగు మహానుభావా! కొట్టూ దగ్గరికొస్తుంది, చర్చీ దగ్గరికొస్తుంది, ప్రీమియం సగానికి పడుతుంది."

"నా వల్ల కాదు గ్వెన్."

"పోనీ నాలుగు వేలని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా? రేపేదైనా జరిగితే చిల్లిగవ్వ రాదు."

"అయితే శనివారం గెథిన్ వచ్చి కారు పట్టుకుపోతాడు. మన పింఛను నీ ఎడమ తిరుగుళ్ళకు చాలదు."

ఎమ్రిస్ బయటికెళ్ళి, కదలని కారులో కూర్చున్నాడు. ఇంత చిన్న విషయానికి అంత మొహం వేలాడేయడం ఎందుకో గ్వెన్‌కు అర్థం కాలేదు.

మర్నాడు, రాబోయే చర్చి టీ విందుకు ఎవరెవరు కేకులు చేస్తారో అడగడానికి ఆమె పైవీధికి బయల్దేరింది. ఆ కొండ ఎక్కే బస్సు ఆగిపోయి చాలాకాలమైంది. సగం దారిలో, గోడ మీద కూర్చుని రొప్పుతూ కైన్‌వెన్ టీచరమ్మ కనబడింది. పక్కన బంగాళాదుంపల సంచి. ఊళ్ళో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. తుంటి విరిగి మంచంలో ఉన్నప్పుడు పాస్టరు గారి భార్య సూప్ పంపిస్తే, మూత కూడా తీయకుండా తిప్పి పంపిన మనిషి.

"సంచి ఇటివ్వండి టీచర్ గారూ."

"ఎందుకూ? నా చేతులేమైనా ఊడిపోయాయా?"

"కొండ నిటారుగా ఉంది కదండీ."

"నేను పుట్టినప్పుడూ నిటారుగానే ఉంది. నువ్వు మూడో క్లాసులోనూ ఇంతే. అడక్కుండా సాయానికొచ్చేదానివి."

గ్వెన్‌కు ఒళ్ళు మండింది. "మరి మా ఆయన కారు ఎక్కేవారు కదా? అది సాయం కాదా?"

"అది నేను వాడికి చేసే సాయమే తల్లీ," అంది టీచరమ్మ, బోర్డు మీద లెక్క విప్పి చెబుతున్నట్టు. "పాపం, కుడికి తిరగడం రాని మనిషి. సబ్బుబిళ్ళ కొనాలన్నా ఇంత కొండ ఎక్కి దిగాలి. ఒక్కడికీ ఎంత విసుగు! పక్కన కూర్చుంటే వాడికీ పొద్దుపోతుందని ఎక్కేదాన్ని. నా మోకాళ్ళ నొప్పి కూడా చూసుకోలేదు."

"ఆస్పత్రికి కూడా అందుకేనా?"

"కంట్లో సూదికా? వాడు ఎటెళ్ళాలన్నా ఆస్పత్రి గేటు ముందునుంచే తిరగాలిట. అంతదూరం వెళ్ళి దిగకపోతే బాగుండదని దిగేదాన్ని."

"మరి వచ్చే వారం సూది?"

"మానేస్తున్నా. మూడు బస్సులు మారడం నా వల్ల కాదు. ఆ సూది మానేస్తే చూపు పోతుందంటున్నారు, పోనీ. చూడాల్సినవన్నీ చూసేశాను." టీచరమ్మ సంచి ఎత్తుకుంది. "నా సంగతికేం గానీ, వాడెలా ఉన్నాడు? నేను లేకుండా ఎలా తిరుగుతాడో ఏమో."

పైవీధి మొదట్లోనే హాప్కిన్ ముసలాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. గని వదిలినా దగ్గు వదలని మనిషి.

"ఏమ్మా గ్వెన్, మీ ఆయన కారుకి బీమా కుదిరిందా? నేను పక్కన కూర్చుని దారి చూడకపోతే ఏ గోతిలో పడేవాడో! వాడికోసమే గురువారం గురువారం డాక్టరు దాకా వెళ్ళొచ్చేవాణ్ణి."

గ్వెన్ కేకుల సంగతి అడగడం మరిచిపోయి కొండ దిగింది. దిగుతున్నంతసేపూ ఆలోచించింది. ఇవ్వడం ఎవరైనా ఇస్తారు. తీసుకునేవాడి తల వంగకుండా ఇవ్వాలంటే, ఇచ్చేవాడు ముందు తన తలకు కాస్త తిక్కుందని ఊరందరినీ నమ్మించాలి. ఆ తిక్కతో కాపురం చేస్తూ, రోజూ తిడుతూ, ఒక్కనాడైనా వెనక సీటు వైపు తిరిగి చూడలేదే తను!

ఇంటికొచ్చి ఫోను తీసుకుంది. శుక్రవారం సాయంత్రానికి ఒకడు దొరికాడు. కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రకారుకు బీమా ఇచ్చేవాడు.

"మీ అబ్బాయికా మేడమ్?"

"మా ఆయనకి. ఇప్పుడే పుట్టాడు. పద్దెనిమిది వేల మైళ్ళు రాసుకోండి."

"ఎక్కడికి మేడమ్?"

"కొట్టుకి," అంది గ్వెన్, గొంతు ఏమాత్రం తొణక్కుండా. "కొండ మీదుగా."

అతను చెప్పిన ప్రీమియం, ఈ ఏడు సెలవులకు సముద్రం ఒడ్డుకు వెళ్ళడం మానుకుంటే సరిపోయేంత. ఆమె ఆ మాటే ఎమ్రిస్‌తో చెప్పింది. "ఒక్క షరతు. కారులో నల్లపెట్టె పెడతారు. ఎంత వేగంగా పోయావో, ఎలా బ్రేకు వేశావో అన్నీ కనిపెడుతుంది."

"కనిపెట్టనీ. నాకేం భయం?"

"ఎటు తిరిగావో కూడా. పటం మీద గీతలు గీసి ఫోనుకి పంపిస్తుందట."

ఎమ్రిస్ చేతిలో టీ కప్పు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. "ఎటు తిరిగానో... ఒక్కణ్ణీ ఉన్నప్పుడు కూడానా?"

"ఒక్కడివే ఉన్నప్పుడు కూడా."

పెళ్ళికి ఆలస్యమైనప్పుడు కూడా ఎర్రబడని ఆ చెవులు ఎర్రబడ్డాయి. "ఆ గీతలు... నువ్వు చూస్తూ కూర్చుంటావా ఏమిటి?"

"ఎక్కడ చూస్తాను! కళ్ళజోడు ఎక్కడ పెట్టానో కనబడి చావడం లేదు," అంది గ్వెన్, కళ్ళజోడు ముక్కు మీదికి ఎగదోసుకుంటూ.

తర్వాతి వారం టీచరమ్మ సూదికి బయల్దేరింది. "నీకోసమే వస్తున్నా, గుర్తుంచుకో," అంటూ ఎక్కింది. "మీ దయ టీచర్ గారూ," అంటూ ఎమ్రిస్ తలుపు వేశాడు.

ఈమధ్య టీ విందులో ఎవరో ఈ కథంతా అతని ముందే చెప్పారు. ఎమ్రిస్ కేకు ముక్క పళ్ళెంలో పెట్టేశాడు.

"పచ్చి అబద్ధం. నేనెవర్నీ ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. వాళ్ళే పాపం నాకు తోడొచ్చారు. నల్లపెట్టె లేదు, గిల్లపెట్టె లేదు. నా చెవులు ఎప్పుడూ ఇదే రంగు. నాకు కుడికి తిరగడం రాదు, అంతే. వచ్చుంటే, మీ సోది వింటూ ఇక్కడుంటానా? ఈపాటికి ఇల్లు చేరనూ?"