మా తాత బురైదాలో ఏం పని చేశాడు

కాగితాల ప్రకారం మా తాతలు ముగ్గురు. పాస్‌పోర్టులో తాపీ మేస్త్రీ. సౌదీ వాళ్లిచ్చిన నివాస కార్డు, ఆ పాత ఇఖామా జిరాక్సులో గొర్రెల కాపరి. జనాభా లెక్కల వాళ్లు రాయచోటి పక్కన మా ఊరికొచ్చినప్పుడు డ్రైవర్. అది అవ్వ చెప్పి రాయించింది, అమ్మ పక్కనే నిలబడి విన్నది. వయసులూ మూడే. ఒకదాని లెక్కన ఆయన అవ్వ కంటే చిన్నవాడు, ఇంకోదాని లెక్కన ఆమె తండ్రి ఈడువాడు.

ఇందులో పెద్ద వింతేం లేదు. ఏ వీసా దొరికితే ఆ పనివాళ్లమై వస్తాం. నేను సౌదీలోని బురైదాలో ఖర్జూరం ప్యాకింగ్ కంపెనీలో లెక్కలు చూస్తాను, నా ఇఖామాలో చాలాకాలం ఎలక్ట్రీషియన్ అని ఉండేది. బల్బు మార్చాలంటే ఇప్పటికీ ఎవరినైనా పిలుస్తాను.

అమ్మ బాధ వేరే. గొర్రెల వీసా మీద పోయినవాళ్లు నెలల తరబడి మనిషి మొహం చూడక, ఎడారిలో ఒంటిగా రొట్టె నమిలారని ఊళ్లో చెప్పుకునేవారు. అది విన్నాక చిన్నప్పుడు అమ్మకు ముద్ద దిగేది కాదట. తాత తిరిగొచ్చాక ఎక్కువ కాలం బతకలేదు. ఏం పని చేసినావు నాయనా అంటే, "పనే" అనేవాడట. అంతకుమించి వివరాల్లోకి పోలేదు. నాకు బురైదాలో ఉద్యోగమని తెలిసినప్పుడు అమ్మ బంగారం ఊసెత్తలేదు. "మా నాయన ఒంటిగా తిన్న్యాడేమో కనుక్కోరా" అంది.

ఇఖామాలో ఉన్న కఫీల్ పేరు చెబితే మా ఆఫీసు డ్రైవర్‌కు ఆయన తోట తెలుసు. శుక్రవారం నమాజయ్యాక వెళ్లాం. తాతను పనికి పిలిపించుకున్న ఆ యజమాని ఇప్పుడు బాగా ముసలాయన. గహ్వా కాఫీ పోసి, నేను తీసుకెళ్లిన తాత ఫోటోను కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. గొర్రెలు కాసేవాడా అని నా ఆఫీసు అరబిక్‌లో అడిగాను.

ఆయన నవ్వాడు. వీసా గొర్రెలదేనట. మొదటి వారంలోనే మంద సాయంత్రానికి దానంతటదే ఇంటికి చేరింది, కాపరి చేరలేదు. బండి పంపి వెతికించాల్సి వచ్చింది. దాంతో తోట పనివాళ్లకు వండిపెట్టమని పొయ్యి అప్పగించారు. యెమెనీలు, ఈజిప్టు వాళ్లు, పాకిస్తానీలు, అందరికీ కలిపి ఒకటే పెద్ద పళ్లెం. దాని చుట్టూ కూర్చున్నాక కూడా, వండినాయన వచ్చి కూర్చునేదాకా ఎవరూ చెయ్యి పెట్టేవాళ్లు కాదట. కారం గురించి మాత్రం కఫీల్‌కు ఇప్పటికీ కొంచెం ఫిర్యాదుంది.

తోట బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"వంటనా? ఇంట్లో చెంబుడు నీళ్లు ముంచుకోని మనిషి" అంది. మళ్లీ తనే అడిగింది.

"అందరూ మా నాయన కోసరం ఆగేవాళ్లంటనా?"

"అవును మా."

"ఇంకోసారి చెప్పు."

ఈసారి గొర్రెల్ని వదిలేసి, నేరుగా పళ్లెం దగ్గర మొదలుపెట్టి, నిదానంగా చెప్పాను.