పేడతో కట్టిన తప్పు

మా ఊరి మురుగునీళ్ల శుద్ధి కేంద్రంలో నీళ్ల పరీక్షలు చేయడం నా ఉద్యోగం. అక్కడ ఆపరేటరుగా ఉన్న పెద్దాయన అంతకుముందు ముదిగుబ్బ వైపు గొర్రెలు కాసినవాడు. ట్యాంకులో మురికిని తినే సూక్ష్మజీవులను ఆయన ‘మంద’ అనేవాడు. పొద్దున్నే గట్టు మీద నిలబడి వాసన చూసి, “ఈ పొద్దు మంద బాగా మేసిందమ్మా” అంటే, మధ్యాహ్నానికి నా పరీక్షలూ అదే చెప్పేవి. చదువుకున్నదాన్ని నేను, ముందే చెప్పేసేది ఆయన. మొదట్లో నాకు ఒళ్లు మండేది.

ఆ ఎండాకాలం మాకు వచ్చే మురుగు ఉన్నట్టుండి తగ్గిపోయింది. వారం తిరిగేసరికి ట్యాంకు దగ్గర ముక్కు మూసుకోవాల్సిన కంపు. పెద్దాయన పైపు వెంబడి నడిచాడు, వెనకాలే నేను. ఊరి చివర ఒక రైతు మ్యాన్‌హోల్ మూత తీసి, ఇసుక మూటలు అడ్డం వేసి, మురుగునంతా మోటారుతో గడ్డిమడికి మళ్లించుకున్నాడు. చుట్టూ బీళ్లు, ఆ మడి ఒక్కటే పచ్చగా ఉంది.

“ఇన్ని నీళ్లు ఊరికే పోతాంటే చూస్తా ఉండేదెట్లన్నా? ఎనుములకు గడ్డి యాడుండాది?” అన్నాడు రైతు. దొంగతనం చేసిన వాలకం కాదు, వృథా ఆపినవాడి ధీమా. మబ్బు కోసం ఏడాదంతా మెడలెత్తి చూసే సీమలో అతనికి అది తప్పుగా తోచలేదు.

పెద్దాయన మూటలు తీయించాడు. కానీ అప్పటికే మేత లేక మంద సగం చచ్చింది. మళ్లీ నిండుగా వచ్చిన మురుగు శుద్ధి కాకుండానే ఏట్లోకి పోయింది. ఎండాకాలం మా ఏరంతా ఇసుకే. కింది పల్లెవాళ్లు అందులో చెలమలు తవ్వుకుని ఊరిన నీళ్లు తాగుతారు. నాకు కోపం ఆగలేదు, పోలీసు ఫిర్యాదు రాస్తానన్నాను.

“పోలీసోళ్లొచ్చి మందను బతికిస్తారామ్మా?” అని పెద్దాయన రైతు వైపు తిరిగాడు. “ఏమప్పా, ఆ గడ్డి తిన్న ఎనుములు పేడ ఏసినాయి కదా. నీళ్లు తేరుకునేదాకా దినామూ అయిదు గంపలు తెచ్చెయ్. అదే నువ్వు కట్టే తప్పు, జరిమానా అనుకో.”

గేదెల పేడలో ఉన్న సూక్ష్మజీవులే కొత్త మంద. రైతు గొణుక్కుంటూనే గంపలు మోసుకొచ్చేవాడు. పెద్దాయన వాటిని బెల్లం నీళ్లతో కలిపి, వడగట్టి, ట్యాంకులో పోసేవాడు. రోజూ ఆ పనికి ముందు, తెల్లారకముందే పల్లెకు పోయి చెలమల మీద ముళ్లకంప వేసి, మునిసిపాలిటీ ట్యాంకరు వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు. ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. “తప్పు మాది తల్లీ” అనేవాడు తప్ప రైతు ఊసెత్తలేదు. నేనైతే మొదటి తిట్టుకే చెప్పేసేదాన్ని. అంత పెద్దమనసు నేను మరెవరిలోనూ చూడలేదు.

కొన్నాళ్లకు ట్యాంకు తేరుకుంది. చెలమ నీళ్లు కూడా పరీక్షించి, తాగొచ్చని రాసి సంతకం పెట్టి, ఆ కాగితం పట్టుకుని ఆయనతో పాటు పల్లెకు వెళ్లాను. ఒక ముసలామె కాగితం వైపైనా చూడలేదు. చెలమలోంచి చెంబు ముంచింది. పెద్దాయన చెయ్యి చాస్తే ఇవ్వలేదు.

“నువ్వు తాగుతావని మాకు తెల్సులేప్పా” అని చెంబు నా ముందు పెట్టింది. “రాసినది ఈ పాప కదా. ఈ పాపను తాగమను.”

నా సంచిలో కొన్న నీళ్ల సీసా ఉంది. ఆ పల్లెకు వచ్చినప్పుడల్లా నేను తాగేది అలాంటి నీళ్లే. పెద్దాయన నా వైపు చూశాడు. సంతకం జంకకుండా పెట్టినదాన్ని, చెంబు అందుకోవడానికి జంకాను. సిగ్గేసింది. తాగాను.

ఆ తర్వాత ఏ కాగితం మీదా నేను రెండోసారి పరీక్ష చేయకుండా సంతకం పెట్టలేదు.