అవ్వ తిరగేసి కుట్టిన అక్షరాలు

మా చిన్నప్పుడు... ఎల్లారెడ్డి దగ్గర మా ఊరి క్రైస్తవ మిషన్ బడిలో ఆడపిల్లలకు పలకతో పాటు సూది కూడా ఇచ్చేవాళ్ళు. గళ్ళ నేత తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో అక్షరాలన్నీ వరసగా కుట్టాలి. మన గుండ్రటి అక్షరాలు ఆ గళ్ళలో ఒదిగితేగా... నా 'ఠ' అచ్చం సందూకు పెట్టెలా వచ్చింది!

(నేను చెబుతుంటే మనవరాలు ఫోనులో కొడుతోంది. ఓపిక ఉన్నంతసేపే చెబుతాను.)

నిజాం కాలం అది. ఆ గుడ్డ పూర్తి చేస్తేనే కామారెడ్డి బోర్డింగు బడిలో చోటు. లేదంటే అవ్వ వెంట నాట్లకు పోవడమే. అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్ళం.

బడి చూడటానికి మిషన్ తెల్ల దొరసాని వస్తుందనగా నాకు చలిజ్వరం పట్టుకుంది. గుడ్డ సగంలోనే ఆగింది. అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ పాతచీరలతో బొంత కుట్టిందంటే ఊరంతా చూడాల్సిందే. రోజంతా వంగి నాట్లు వేసి, నీళ్ళలో నానిన వేళ్ళతో వచ్చి, పొద్దు గూకేలోపు గడపలో కూర్చుని కుట్టేది. పంతులమ్మ ఇచ్చిన నమూనా గుడ్డ చూస్తూ మిగతావన్నీ తనే పూర్తి చేసింది. లేచేటప్పుడు నడుం పట్టేసి, కాసేపు గోడ పట్టుకుని నిలబడేది.

దొరసాని గుడ్డ అందుకుంది. సగం నుంచి కింది అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి! అవ్వ నమూనాను వెనక వైపు చూసి కుట్టింది. బొంతకు ముందూ వెనకా ఉండదు కదా... అక్షరానికి ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు?

"ఇది పిల్ల కుట్టింది కాదు" అంది దొరసాని. అంతే... చోటు పోయింది. అవ్వ కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది.

ఇంటికొచ్చి ఏడుస్తూ ఆ కుట్లు విప్పబోతే అవ్వ గుడ్డ లాక్కుంది.

"నువ్వు ముట్టకు బిడ్డా. నేను కుట్టిన, నేనే ఇప్పుత. ఏ దిక్కు ముందో గది జర చెప్పు."

చెప్పాను. ఒక్కొక్కటి విప్పుతూ "ఇదేం అచ్చరం?" అని అడిగేది. దారం పారేయకుండా పుల్లకు చుట్టుకునేది. చివరి అక్షరం దగ్గరికి వచ్చేసరికి నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అదొక్కటి అట్లాగే ఉండిపోయింది.

ఆ ఏడాది నాట్లకు, కలుపులకు ఆమె వెంటే పోయాను. సాయంత్రాలు మళ్ళీ కుట్టాను. మరుసటేడు చోటు దొరికింది. దొరసాని ఆ తిరగబడ్డ అక్షరం చూసి కూడా గుడ్డ మడిచి నా చేతిలో పెట్టింది. నేను బోర్డింగుకు పోయాను... అవ్వ బురదలోనే ఉండిపోయింది. ఆ బాధ ఇన్నేళ్ళయినా తీరలేదు.

ఇప్పటి పిల్లలకు వేలు తాకిస్తే చాలు, అక్షరం వచ్చేస్తోంది. మంచిదే. సూది గుచ్చుకునే బాధ లేదు.

మీ ఇళ్ళలో మీ అమ్మలు కుట్టినవి ఏమైనా మిగిలాయా? ఉంటే కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది. నాకు చూపు పోయింది. దిండు కింది గుడ్డ తీసి వేళ్ళతో తడుముకుంటాను...

ఏ దిక్కు ముందో ఇప్పుడు నాకూ తెలుస్తలేదు అవ్వా.