యవనుల విందులో మా పెద్దమ్మ

సామర్లకోటలో సాయంత్రం ఏడింటికి రైలెక్కాం, నేనూ మా పెద్దమ్మా. హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో ఒక దర్శకుడు యవనుల, అంటే ప్రాచీన గ్రీకుల విందు సన్నివేశం తీస్తున్నాడు. కాకినాడ కాలేజీలో చరిత్ర చెప్పే నన్ను సలహాకి రమ్మన్నాడు. గ్రీకు వేశ్యల గురించి నాలుగేళ్ళుగా చదువుతున్నాను మరి. ఆనాటి రచనల్లో ఇల్లాళ్ళ మాట వినపడడమే అరుదు. మగవాళ్ళ విందులో వాళ్ళ సరసన కూర్చుని, ఎగతాళికి ఎగతాళి అప్పజెప్పేది వేశ్యే. తీరా చూస్తే ఆ మాటలు రాసిపెట్టిందీ మగవాళ్ళే! అది గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

పెద్దమ్మ వయసులో ఉండగా జమీందార్ల లోగిళ్ళలో మేజువాణీ చేసింది. ఆ ఆటపాటల్ని నిషేధిస్తూ చట్టం వచ్చి గజ్జెలు మూటగట్టాక మా కులం పేరు ఇంట్లో కూడా పలకనివ్వలేదు. షూటింగ్ చూపిస్తానని బతిమాలి తీసుకొచ్చాను.

ఎదుటి సీటు తణుకు ఆవిడ పులిహోర పెడుతూ, "మీ వాళ్ళేం చేసేవారండీ?" అంది.

"టీచర్లమండి," అనేసింది పెద్దమ్మ తడుముకోకుండా. నేను కిటికీ వైపు తిరిగాను.

పొద్దున్న ఆరున్నరకి సికింద్రాబాద్. యూసుఫ్‌గూడ లాడ్జిలో స్నానం, పక్క హోటల్లో ఇడ్లీ. ఫిల్మ్‌నగర్ అంటే ఆటో అతను ముప్ఫై రూపాయలన్నాడు. "ఫికర్ చెయ్యకు పెద్దమ్మా, గేటు కాడ్నే దించుత," అని పెద్దమ్మకి ధైర్యం చెప్పాడు. జూబ్లీహిల్స్ ఎత్తు ఎక్కలేక ఆటో మూలిగింది. బండరాళ్ళ మధ్య కొత్త మేడలు లేస్తున్నాయి. తొమ్మిదిన్నరకి సెట్లో ఉన్నాం.

థర్మకోల్ స్తంభాలకి పాలరాతి రంగేశారు. మగవాళ్ళంతా దిండ్ల మీద ఒరిగి ఉన్నారు. వేశ్య వేషం వేసిన అమ్మాయి మాత్రం కూజా పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ అమ్మాయిని కూర్చోబెట్టండి," అన్నాను.

దర్శకుడు నవ్వాడు. "కూర్చుంటే డాన్సెలాగండీ మేడమ్? కూర్చున్న మనిషిని ఎవరు చూస్తారు?"

నా నాలుగేళ్ళ చదువు ఆ ఒక్క నవ్వుతో గాలికి పోయింది. ఇంతలో పెద్దమ్మ చెప్పులు విప్పింది. తిన్నగా వెళ్ళి ఖాళీ పరుపు మీద కూర్చుంది.

"సభలో మేం కూర్చునే అభినయించేవాళ్ళం బాబూ. మాట చెప్పాలంటే కూర్చోవాలి."

నలభై ఏళ్ళు దాచిన సంగతి యాభైమంది ముందు ఎంత సులువుగా అనేసింది! ఆలస్యంగా వచ్చిన ప్రియుణ్ణి నిలదీసే పాట ఎత్తుకుంది. ఒకటే పంక్తి, ఐదుసార్లు. మొదట ముద్దుగా అడిగింది, తర్వాత వెక్కిరించింది, ఆఖరికి "ఇక దయచెయ్యి" అన్నట్టు చూసింది. కళ్ళూ కనుబొమలూ ఒక చెయ్యీ తప్ప ఏదీ కదల్లేదు. పాట మగవాడు రాసిందే. ఆ ఐదు అర్థాలూ మాత్రం మా పెద్దమ్మవి. గ్రీకు పుస్తకాల్లో నాకు దొరకనిది అదే.

"అరె, కూసున్న జాగ నుంచి లేవనే లేదు. గింత చేసిందేందన్నా!" అన్నాడు లైట్‌మన్.

"ఎవరి దగ్గర నేర్చుకున్నారమ్మా?" దర్శకుడు టోపీ తీసి అడిగాడు.

"మా అమ్మ దగ్గర. ఆవిడ వాళ్ళమ్మ దగ్గర."

భోజనాలయ్యాక షాట్ తీశారు. ఆ అమ్మాయి కూజా పక్కన పెట్టి, దర్జాగా కూర్చుని ఎదురు సమాధానం చెప్పింది.

మర్నాడు సాయంత్రం తిరుగు రైలు. పక్కనున్న రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి పలకరించారు. "ఏం చేస్తుంటారండీ?"

"టీచర్లమండి," అన్నాను నేను. ఛీ, నా నోరే!

"ఇది టీచరండి," అంది పెద్దమ్మ. "నేను కాదు. మేం కళావంతులం. మేజువాణీ చేసేదాన్ని."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే గర్వంతో కళ్ళు చెమర్చాయి. ఆవిణ్ణి హైదరాబాదు తీసుకెళ్ళింది నేనే అనుకున్నాను ఇంతసేపూ.

ఆయన చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. "మా నాన్నగారు చెప్పేవారండి. నేనెప్పుడూ చూడలేదు."

"చూస్తారా?" అని పెద్దమ్మ సీటు మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది.